జబ్బు లేదన్నారు, మరి బాగున్నానని ఎందుకు అనిపించదు?

ప్రశ్న:

నాకు 57 ఏళ్లు. రాజమహేంద్రవరంలో ఒక బ్యాంకులో చాలా కాలం పనిచేశాను. మావారు రిటైరైన ఏడాదే నేనూ స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. “ఇన్నాళ్లూ కష్టపడింది చాలమ్మా, ఇక్కడికి వచ్చేయండి, అన్నీ మేం చూసుకుంటాం” అని మా అబ్బాయి పట్టుబడితే కింది వాటా అద్దెకిచ్చి, పై వాటాకు తాళం వేసి హైదరాబాదు వచ్చేశాం. కొడుకూ కోడలూ ప్రేమగానే ఉంటారు. వంటకు మనిషి ఉంది, ఇంటి పనికి మనిషి ఉంది, మనవడు బడికి వెళ్తాడు. పోపుల పెట్టె ఎక్కడుందో వంటామెను అడిగి తెలుసుకోవాలి, అంతకు మించి చెప్పుకోదగిన బాధ నాకేమీ లేదు. అయినా పొద్దున్న లేచింది మొదలు రోజు ఎలా గడపాలో తెలియడం లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు చదువుకోవడానికి తీరిక దొరికితే చాలనుకునేదాన్ని. ఇప్పుడు తీరిక ఉంది, పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు. థైరాయిడ్, బి12, షుగరు పరీక్షలన్నీ సరిగా ఉన్నాయి. సైకియాట్రిస్టు చాలాసేపు మాట్లాడి, డిప్రెషన్ లేదు, మందులు అక్కర్లేదు అన్నారు. పాజిటివ్‌గా ఆలోచించమని మా అబ్బాయి రోజూ వీడియోలు పంపుతున్నాడు. జబ్బు లేనప్పుడు నాకిలా ఎందుకుంది? పెద్దవాళ్లలో మనసు ఆరోగ్యంగా ఉండటం అసలు దేని మీద ఆధారపడి ఉంటుంది? ఒక్కోసారి మా ఊరు వెళ్లిపోతే బాగుండుననిపిస్తుంది. ఆ మాట మా అబ్బాయితో ఎలా అనాలి?

— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు:

మీకు డిప్రెషన్ లేదన్న డాక్టరు గారి మాటా, బాగున్నానని అనిపించడం లేదన్న మీ మాటా రెండూ ఒకేసారి నిజం కావచ్చు. జబ్బు ఉందా లేదా అన్నది ఒక లెక్క, మనిషి బాగున్నారా లేదా అన్నది మరో లెక్క. ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదని, శరీరమూ మనసూ నలుగురితో బతుకూ అన్నీ బాగుండటమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో అమల్లోకి వచ్చిన తన నిబంధనావళిలోనే చెప్పుకుంది. ఆ వాక్యం ఉపన్యాసాల్లో వినిపించినంతగా ఆసుపత్రుల్లో వినిపించదు, ఎందుకంటే ఆసుపత్రికి వెళ్లినవారిని జబ్బు లెక్కలోనే చూస్తారు, ఆ లెక్కలో ఏమీ తేలకపోతే ఇంటికి పంపుతారు. అందులో డాక్టరు గారి తప్పేమీ లేదు. అవసరం లేని మందు రాయకుండా పంపించినందుకు ఆయనను మెచ్చుకోవాలి కూడా.

ఈ రెండు లెక్కలనూ విడివిడిగా కొలిచి చూపినవారిలో అమెరికా సామాజిక శాస్త్రవేత్త కోరీ కీస్ ముఖ్యుడు. 25 నుంచి 74 ఏళ్ల లోపు ఉన్న సుమారు 3,000 మంది అమెరికన్ల సమాచారాన్ని పరిశీలించి ఆయన 2002లో ఒక వ్యాసం ప్రచురించాడు. డిప్రెషన్ లక్షణాలను ఒక పక్క, జీవితంలో తృప్తి, చేసే పనికి అర్థముందన్న భావన, ఇతరులతో అనుబంధం వంటివి మరో పక్క లెక్కగట్టి చూస్తే, నిండుగా జీవిస్తున్నారని చెప్పదగినవారు 17 శాతం మాత్రమే తేలారు. డిప్రెషన్ లేకపోయినా జీవితం ఖాళీగా, కదలిక లేకుండా సాగుతున్నవారు 12 శాతం మంది ఉన్నారు. ఉత్తరం చదివి మనిషిని ఒక వర్గంలో వేసేయడం నాకు ఇష్టం లేదు కానీ, మీరు రాసినదంతా ఆ 12 శాతం మంది పరిస్థితికి దగ్గరగా ఉంది. ఇలాంటి స్థితిని “జబ్బు కాదు కదా” అని వదిలేయకూడదు. 1995లో చూసినవారిలో అనేకులను 2005లో మళ్లీ పరిశీలించినప్పుడు, ఈ పదేళ్లలో బాగుండటం తగ్గిపోయినవారికి 2005 నాటికి మానసిక రుగ్మతలు ఉండే అవకాశం ఎక్కువగా కనిపించింది. కాబట్టి అన్నీ ఉన్నా లేనిపోని దిగులు పెట్టుకున్నానేమో అన్న సంకోచం మీరు వదులుకోవచ్చు. సరైన సమయంలోనే అడిగారు.

ఇక మనసు బాగుండటం దేని మీద ఆధారపడుతుందన్న ప్రశ్నకు వస్తాను. ఆస్ట్రియాలో పుట్టిన మేరీ యహోదా 1958లో అమెరికాలో వెలువరించిన చిన్న పుస్తకంలో, మానసిక ఆరోగ్యాన్ని జబ్బుతో ముడిపెట్టకుండా దాని సొంత లక్షణాలతో వివరించే ప్రయత్నం చేసింది. 1989లో కేరల్ రిఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ ఆలోచనను ముందుకు తీసుకెళ్లి, కొలవడానికి వీలైన ఆరు అంశాలుగా చెప్పింది. తనను తాను ఉన్నదున్నట్టు ఒప్పుకోగలగడం, ఇతరులతో ఆత్మీయత, తన నిర్ణయాలు తాను తీసుకోగలగడం, చుట్టూ ఉన్న రోజువారీ వ్యవహారాన్ని తన చేతులతో నడిపించగలగడం, బతుకుకు ఒక ప్రయోజనం కనిపించడం, ఇంకా ఎదుగుతున్నానన్న భావన కలగడం అన్నవి ఆ ఆరు. వీటిలో సంతోషం అన్న మాట లేకపోవడం గమనించండి. సంతోషం వీటి వెంట వస్తుందే గాని, దాన్ని నేరుగా వెంటాడితే దొరకదని నా అభిప్రాయం కూడా.

మీ ఉత్తరాన్ని ఈ ఆరింటి పక్కన పెట్టి చూస్తే, ఆత్మీయత విషయంలో మీకు పెద్ద లోటు కనిపించదు. లోటంతా నిర్ణయాలు, రోజువారీ వ్యవహారం మీద పట్టు, ప్రయోజనం అన్న మూడింటి దగ్గరే ఉంది. పోపుల పెట్టె ఎక్కడుందో అడగాల్సి రావడం బాధ చెప్పుకోదగినంత విషయం కాదన్నట్టు రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. బ్యాంకులో లక్షల రూపాయల వ్యవహారాల మీద సంతకం పెట్టిన మనిషి, చారులోకి ఆవాలు ఎక్కడున్నాయో ఇంకొకరిని అడిగే స్థితికి వచ్చారు. ఇందులో ఎవరూ మిమ్మల్ని అవమానించలేదు, ప్రేమతోనే అన్నీ మీ చేతిలోంచి తీసుకున్నారు. అయితే ప్రేమతో తీసుకున్నా పట్టు పోయినట్టే.

ఈ విషయంలో 1976 నాటి ఒక చిన్న ప్రయోగం ప్రస్తావించదగినది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధాశ్రమంలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే పరిశోధకులు ఒక అంతస్తులోని వృద్ధులకు, మీ గదిలో ఏది ఎలా ఉండాలో మీరే నిర్ణయించుకోవాలని చెప్పి, ఒక్కొక్కరినీ తమకు నచ్చిన మొక్కను ఎంచుకోమని, దాన్ని పెంచే బాధ్యత వారిదేనని చెప్పించారు. మరో అంతస్తులోని వారికి కూడా మొక్కలు ఇచ్చారు, కానీ నీళ్లు పోయడం సిబ్బంది చూసుకుంటారని, మీకు ఏ లోటూ రాకుండా చూడటం మా బాధ్యత అని చెప్పించారు. మూడు వారాల తరువాత మొదటి అంతస్తులోని వారు మరింత చురుగ్గా, ఉల్లాసంగా కనిపించారు. పాల్గొన్నవారు తక్కువ మంది కాబట్టి ఈ ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని పెద్ద పెద్ద తీర్మానాలు చేయకూడదు. అయినా “అన్నీ మేం చూసుకుంటాం” అన్న మాట రెండో అంతస్తు మాట అని మీ అబ్బాయికి తెలిస్తే మంచిదే.

యహోదా గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆమె యువతిగా ఉన్నప్పుడు చేసిన పని మీ పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. వియన్నా నగరానికి దగ్గరలో మారియెంతాల్ అనే పల్లె ఉండేది. ఊరంతా ఒక్క నూలు మిల్లు మీద బతికేది. 1929, 1930 సంవత్సరాల్లో ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆ మిల్లు మూతపడి, ఊరు ఊరంతా పని లేకుండా మిగిలింది. యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జీసెల్ కలిసి ఆ ఊరిని పరిశీలించి 1933లో ఒక పుస్తకం ప్రచురించారు. జనం తిండికి ఇబ్బంది పడటం వాళ్లు ఊహించిందే. ఆశ్చర్యపరిచింది వేరే. చేతినిండా సమయం ఉంది కదా, చదివేవాళ్లు పెరిగి ఉంటారని ఎవరైనా అనుకుంటాం. రుసుము తీసేసినా ఊరి గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్లు వీధిలో నడిచే వేగం తగ్గిపోయింది, నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవారు. పొద్దున్న నుంచి ఏం చేశారో గంటగంటకూ రాయమంటే రాయలేకపోయారు. తీరిక దొరికితే చదువుకుందామనుకుని, దొరికాక పుస్తకం తెరవలేకపోవడం మీ ఒక్కరి బలహీనత కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. తీరికకు విలువ రావాలంటే దాని పక్కన తీరిక లేని గంటలు కూడా ఉండాలి.

ఉద్యోగం జీతంతో పాటు మనకు తెలియకుండా ఇంకొన్ని ఇస్తుందని యహోదా తరువాతి రచనల్లో వివరించింది. రోజుకు ఒక క్రమం వస్తుంది. ఇంటివారు కాని మనుషులతో రోజూ కలిసే అవకాశం ఉంటుంది. ఒక్కరి వల్ల కాని పనిలో మనకూ భాగం దొరుకుతుంది. సమాజంలో ఫలానా అని గుర్తింపు ఉంటుంది. ఇష్టం ఉన్నా లేకపోయినా శరీరాన్నీ బుద్ధినీ కదపక తప్పదు. బ్యాంకు ఉద్యోగం ఈ అయిదింటినీ దండిగా ఇచ్చే ఉద్యోగం. మారియెంతాల్ వాసులకూ మీకూ తేడా లేకపోలేదు. వాళ్ల ఇళ్లలో ఆకలి ఉంది, మీకు పెన్షన్ ఉంది, ఆ భద్రత మనసుకు ఎంత అండగా ఉంటుందో డబ్బు లేనివారిని అడిగితే చెబుతారు. కానీ ఒక విషయంలో మీ పరిస్థితి అక్కడి ఆడవాళ్ల కన్నా కష్టమైనది. మిల్లు మూతపడినా ఆ ఊరి ఆడవాళ్లకు ఇంటిపని మిగిలి ఉండేది, అందుకే వాళ్ల రోజుకు ఒక ఆకారం ఉండేదని, వాళ్లు మగవాళ్ల కన్నా వేగంగా నడిచేవారని పరిశోధకులు రాశారు. మన ఇళ్లలో కూడా రిటైరైన ఆడవాళ్లు చాలామంది ఆఫీసు నుంచి వంటింట్లోకి వెళ్తారు, అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. మీ విషయంలో ఆఫీసూ పోయింది, వంటిల్లూ పోయింది.

అనుబంధాల గురించి కూడా ఒక మాట అనుకోవాలి. సుమారు మూడు లక్షల మందికి సంబంధించిన 148 అధ్యయనాలను కలిపి 2010లో జూలియన్ హోల్ట్ లన్‌స్టాడ్ బృందం చేసిన విశ్లేషణలో, నలుగురితో గట్టి సంబంధాలు ఉన్నవారు ఆ అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావారి కన్నా 50 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ సంగతి చెప్పగానే, మాకు కుటుంబం ఉంది కదా అంటారు. కుటుంబం ఉండాలి, అయితే అదొక్కటే చాలదు. దగ్గరివారు కాని, పేరు తెలిసీ తెలియని పరిచయస్తులతో రోజూ జరిగే చిన్న చిన్న పలకరింపులు కూడా మనసును ప్రభావితం చేస్తాయని కెనడాలో 2014లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. రాజమహేంద్రవరంలో కౌంటరు దగ్గరికి వచ్చే ఖాతాదారులు, కూరగాయల అమ్మాయి, పక్కవీధి టైలరు, గోదావరి గట్టు మీద ఎదురయ్యే ముఖాలు అన్నీ కలిసి మీకు ఒక ఊరుగా ఉండేవి. హైదరాబాదులో మిమ్మల్ని ప్రేమించేవాళ్లు ఉన్నారు, గుర్తుపట్టి పలకరించేవాళ్లు లేరు. కొడుకూ కోడలూ ఎంత మంచివారైనా ఈ రెండో అవసరాన్ని తీర్చలేరు, తీర్చాలని మీరు ఆశించకూడదు కూడా.

శరీరం సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, మీరు అవసరమైన పరీక్షలు ఇప్పటికే చేయించుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం సూచిస్తుంది, అంటే వారానికి అయిదు రోజులు అరగంట చురుకైన నడక సరిపోతుంది. నిద్ర ఏడు గంటలకు తగ్గకుండా చూసుకోండి. వినికిడి కొంచెం తగ్గినట్టు అనిపిస్తే పరీక్ష చేయించుకోండి, సరిగ్గా వినపడనివారు తెలియకుండానే మాటల నుంచి తప్పుకుంటారు.

మీ అబ్బాయి పంపే వీడియోల విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. పాజిటివ్‌గా ఆలోచించమనే సలహా, లోటు మీ ఆలోచనలోనే ఉందన్న ఊహ మీద నిలబడింది. మీ లోటు మీ రోజులో ఉంది. కెనడా ప్రజారోగ్య సంస్థ తమ దేశంలో పెద్దల మానసిక ఆరోగ్యాన్ని గమనించడానికి తయారు చేసుకున్న పట్టికలో మనిషి స్వభావానికి సంబంధించిన అంశాలతో పాటు కుటుంబం, ఇరుగుపొరుగు, సమాజం అనే వరుసల్లో కూడా అంశాలను చేర్చింది. మనసు బాగోగులు తలలోపలే తేలిపోయేవైతే ఇన్ని వరుసలు అక్కర్లేదు. మన దేశంలోనే గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విక్రమ్ పటేల్ బృందం చేసిన పరిశోధన 2017లో వెలువడింది. డాక్టర్లు కాని, కొద్దికాలం శిక్షణ పొందిన మామూలు వ్యక్తులు డిప్రెషన్ ఉన్నవారితో కొన్ని విడతలు కూర్చుని, మనసు కుదుటపడ్డాక పని మొదలుపెడదామని ఆగకుండా, ముందు చిన్న పని మొదలుపెట్టేలా ప్రోత్సహించారు. మామూలు చికిత్స మాత్రమే అందినవారితో పోలిస్తే వీరిలో ఎక్కువమంది కోలుకున్నారు. డిప్రెషన్ ఉన్నవారికే పనికొచ్చిన ఈ పద్ధతి, అది లేని మీకు పనికిరాదనుకోవడానికి కారణం నాకు కనిపించదు.

అయితే ఏ పని అన్నది ముఖ్యం. మీరు సరదాగా కాలక్షేపం చేసే పని వెతుక్కోవద్దు. ఒక నిర్ణీత సమయానికి మీరు రాకపోతే ఇంకొకరికి ఇబ్బంది కలిగే పని వెతుక్కోండి. మీ చేతిలో ఉన్న విద్య చిన్నది కాదు. మీ అపార్ట్‌మెంటులో పనిచేసే వాచ్‌మన్లు, వంటామెలు, డ్రైవర్లలో ఏటా ఖాతాలోంచి 20 రూపాయలు, 436 రూపాయలు ఎందుకు కోత పడుతున్నాయో తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో అడిగి చూడండి. అవి 2015లో మొదలైన ప్రమాద బీమా, జీవిత బీమా పథకాల ప్రీమియాలని, మనిషి పోతే కుటుంబానికి 2 లక్షల రూపాయలు వస్తాయని, నామినీ పేరు సరిగా లేకపోతే ఆ డబ్బు కోసం తిరగాల్సి వస్తుందని మీకు తెలుసు, చాలా కుటుంబాలకు తెలియదు. నవంబరు వచ్చేసరికి పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్లో ముఖం చూపించి ఆ పని పూర్తి చేయడం చేతకాక ఆటో ఎక్కి బ్యాంకుకు వెళ్లే వృద్ధులు మీ బ్లాకులోనే ఉంటారు. వారానికి రెండు సాయంత్రాలు, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు, క్లబ్‌హౌసులో ఒక బల్ల దగ్గర కూర్చుంటానని నోటీసు బోర్డులో పెట్టండి. మొదటి వారాల్లో ఎవరూ రాకపోవచ్చు, అయినా ఆ గంట అక్కడే ఉండండి. అసోసియేషన్ లెక్కలు చూసే బాధ్యత ఎవరూ తీసుకోవడం లేదని ప్రతి అపార్ట్‌మెంటులోనూ వినిపించే మాటే, మీకు ఇష్టమైతే అదీ అడగవచ్చు. అక్కడ తగాదాలు ఉంటాయని ముందే హెచ్చరిస్తున్నాను, అయితే బ్యాంకులో పనిచేసినవారికి అవి కొత్త కాదు.

ఇంట్లో మాత్రం ఒకేసారి అన్నీ మార్చాలని చూడకండి. వంటిల్లు కోడలి రాజ్యం, ఆమెకు కూడా తన ఇంటి మీద పట్టు ఉండాలి. వారానికి ఒక పూట వంట పూర్తిగా మీది కావాలని, ఆ పూట వంటామెకు సెలవని, కూరగాయలు కూడా మీరే వెళ్లి తెచ్చుకుంటారని ఆమెతో నేరుగా మాట్లాడుకోండి. ఈ మాట కొడుకు ద్వారా చెప్పించకండి. ఒక పూట గొప్ప విషయంగా కనిపించకపోవచ్చు కానీ, మెనూ నుంచి గిన్నెల దాకా నిర్ణయాలన్నీ మీవైన పూట అది. కూరగాయలకు ప్రతిసారీ ఒకే బండి దగ్గరికి వెళ్లండి, నెల తిరిగేసరికి ఆ బండి అబ్బాయి మిమ్మల్ని గుర్తుపడతాడు.

ఊరు వెళ్లిపోవాలనిపించడం తప్పు కాదు. దాన్ని ఉంటే ఇక్కడ, పోతే అక్కడ అన్న పద్ధతిలో ఆలోచించకపోతే మంచిది. పై వాటాకు తాళం మాత్రమే వేశామని రాశారు, దాన్ని మాత్రం ఎవరికీ అద్దెకివ్వకండి. రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి, పండగతోనూ ఫంక్షన్‌తోనూ ముడిపెట్టకుండా, రెండు మూడు వారాలు వెళ్లి ఉండండి. మీవారు ఇక్కడ స్నేహితులను సంపాదించుకుని ఉంటే ప్రతిసారీ ఆయన రావాలని లేదు, మీరొక్కరే వెళ్లి రావడం కూడా మీ నిర్ణయమే. అలా కొన్నాళ్లు గడిచాక ఎక్కడ ఎక్కువ కాలం ఉండాలో మీకే తేలుతుంది. అక్కడే ఉండాలని తేలితే అదీ సరైనదే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మీరు వదిలి వచ్చిన ఊళ్లో మీ బ్యాంకు కుర్చీ ఇప్పుడు లేదు, కాబట్టి రోజుకు ఆకారం ఇచ్చే పని అక్కడ కూడా వెతుక్కోవాల్సిందే.

రెండు మూడు నెలల తరువాత ఈ ప్రయత్నాలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. రోజంతా హుషారుగా ఉన్నానా అని చూసుకోకండి, అలా ఎవరూ ఉండరు. గత రెండు వారాల్లో నేను ఎవరికైనా పనికొచ్చానని అనిపించిందా, నా విషయాలు నేను నిర్ణయించుకున్నానా, ఇతరులకు దగ్గరగా ఉన్నానని అనిపించిందా, కొత్త విషయాల మీద ఆసక్తి కలిగిందా అని అడుక్కోండి. బ్రిటన్‌లో తయారైన 14 వాక్యాల ఒక ప్రశ్నావళి మనసు బాగోగులను దాదాపు ఇలాంటి ప్రశ్నలతోనే కొలుస్తుంది. అలా కాక, రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి బాగా మారిపోవడం, నేనెందుకూ పనికిరాననిపించడం వంటివి కనిపిస్తే మళ్లీ అదే డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు ఆగనక్కర్లేదు, ఆ రోజే ఇంట్లోవారికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీ అబ్బాయితో ఎలా అనాలన్నారు. వెళ్లిపోతానని మొదలుపెడితే, ఇక్కడ మేం ఏం తక్కువ చేశామన్న ప్రశ్న వస్తుంది, అక్కడి నుంచి సంభాషణ మీ చేతిలో ఉండదు. “మీరు బాగా చూసుకుంటున్నారు నాన్నా, నాకు చూసుకోవడానికి ఏమీ మిగలడం లేదు, అదొక్కటే నా ఇబ్బంది” అని మొదలుపెట్టండి. ఆ వెంటనే రెండు పనులు అడగండి. వచ్చే నెల రాజమహేంద్రవరానికి టికెట్టు మీరే తీసుకుంటారని చెప్పండి, క్లబ్‌హౌసులో బల్ల వేయించడానికి అసోసియేషన్ వారితో మాట్లాడమనండి. వీడియోలు పంపే ఓపిక ఉన్న కొడుకు ఈ రెండో పని తప్పకుండా చేసిపెడతాడు.